చీము రాని వాపు

"మెడ కోసినప్పుడు చీము వచ్చిందా?"

లాకప్ ఊచల వెనకనుంచి పళ్ళ డాక్టర్ యోకాస్తా నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. మంచినీళ్ళు కావాలనలేదు. ఇంటి సంగతి అడగలేదు. అప్పుడు టైము పది గంటల ఇరవై నిమిషాలు. రెండు గంటలకు ఆమెను జడ్జి ముందు నిలబెడతారు. రేపు కార్పస్ క్రిస్తి పండగ, సెలవు. ఎల్లుండి శుక్రవారం, ఆ రోజు కోర్టు గుమ్మం తొక్కేవాడు ఉండడు. ఇవాళ జడ్జి నోట రిమాండు అనే మాట వచ్చిందంటే మూడు నెలలు ఆడవాళ్ళ జైల్లో పడుండాలి. ఆ తరవాత నిర్దోషి అని తేలినా మా బనీ ఊళ్ళో ఆమె ముందు నోరు తెరిచేవాడు ఒక్కడూ మిగలడు. ఇప్పటికే ఆమె క్లినిక్ షట్టర్ మీద ఎర్ర రంగుతో 'హంతకురాలు' అని రాశారు. కిటికీ అద్దాలు ఒక్కటీ మిగల్లేదు.

"ఎవరి మెడ?" అన్నాను, తెలిసి కూడా.

"బ్రౌలియోది. చనిపోయే ముందు ఆస్పత్రిలో ఆయన మెడ కోశారని పేపర్లో వచ్చింది. గొంతు కింద అంత వాపు ఉంటే కోస్తారు. కోస్తే చీము రావాలి. వచ్చిందా, రాలేదా? అది కనుక్కోండి డోన్యా ఎనెయ్‌దా. తరవాత నన్ను ఎన్నయినా అడగండి." మా దగ్గర పెద్దావిడను డోన్యా అంటారు.

"ముందు నేనడిగేవి చెప్పు. నేను నీ లాయర్ని కాదు, నిన్ను ఓదార్చడానికీ రాలేదు. మీ అమ్మ నిన్న నా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది, అందుకని వచ్చాను. ఒక్క అబద్ధం దొర్లినా వెనక్కి తిరిగి వెళ్ళిపోతాను. సూది ముక్క సంగతి నిజమేనా?"

ఆమె తల దించుకోలేదు. "నిజమే. నవంబర్లో రూట్ కెనాల్ చేస్తుంటే వేరు చివర సూది విరిగింది. బియ్యపు గింజలో సగం ఉంటుంది ఆ ముక్క. తీయబోతే వేరు పగులుతుంది. అందుకని అక్కడే ఉంచి మూసేశాను. బ్రౌలియోకి చెప్పాను, ఫైల్లో రాశాను, కింద ఆయన సంతకం పెట్టాడు."

"ఆ ముక్క వల్లే విషం ఎక్కి చచ్చాడంటున్నాడు ఇన్‌స్పెక్టర్ రదమేస్."

"రదమేస్ ఏమన్నా అంటాడు! ఆయనకు పంటికి వేరు ఎటుంటుందో తెలుసా?" ఊచలు పట్టుకుని అరిచింది. మూల స్టూలు మీద కునుకుతున్న కానిస్టేబుల్ ఉలిక్కిపడ్డాడు. "వినండి. నా దగ్గరికి వచ్చేనాటికే ఆ దవడపన్ను చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో. వేరు చివర ఎముకలో గుంట పడింది. ఎక్స్‌రేలో చిక్కుడుగింజంత నల్లగా కనబడుతుంది. ఆ గుంటను క్రిములు తవ్వాయని అందరూ అనుకుంటారు. కాదు. తవ్వించింది ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలు. క్రిములు వేరు దాటి బయటికి రాకుండా చుట్టూ చేరి కూర్చుంటాయి. వాటికి చోటు కావాలి కనక అక్కడి ఎముకను కరిగించేస్తాయి. నేను చేసేదల్లా వేరు లోపల కడిగి, మూసి, క్రిములకు తిండి లేకుండా చేయడం. వేరు బయట మిగిలిన వాటిని చంపేది ఆ కాపలావాళ్ళే. పని అయిపోయాక వాళ్ళు తప్పుకుంటారు, ఎముక మళ్ళీ పూడుతుంది. దానికి నెలలు పడుతుంది."

"పూడిందా?"

"ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన ఎక్స్‌రే తీశాను. సగానికి సగం పూడింది. సూది ముక్క ఉన్నచోటే ఉంది, దాని చుట్టూ కొత్త ఎముక వస్తోంది. బ్రౌలియో ఒళ్ళు గెలుస్తోంది డోన్యా! గెలుస్తున్నవాడు నెల తిరిగేసరికి ఎలా చస్తాడు? ఆ ఎక్స్‌రే కూడా ఫైల్లోనే ఉంది. ఫైలు రదమేస్ పట్టుకుపోయాడు."

"మళ్ళీ నీ దగ్గరికి ఎప్పుడొచ్చాడు?"

"మే పన్నెండున. మేకకూర తింటూ ఎముక కొరికాడట, సలుపుతోందన్నాడు. పన్ను మీద తట్టి చూశాను, వాపు లేదు. నొప్పికి మూడు రోజులకు తెల్లమాత్రలు రాసి, తరవాత దానంతటదే తగ్గుతుంది, ఓపిక పట్టమన్నాను. 'ఓపిక నా దగ్గరెక్కడిది డాక్టరమ్మా' అని నవ్వుతూ వెళ్ళాడు. ఇరవై తొమ్మిదికల్లా చచ్చిపోయాడు." ఊచలకు ఇంకా దగ్గరికి జరిగింది. "గొంతు ఉబ్బిపోయేటంత క్రిములు పెరిగితే చీము గిన్నెలకొద్దీ రావాలి. చీమంటే ఏమిటనుకున్నారు? పోట్లాడి చచ్చిన తెల్లకణాలే. రాలేదంటే, పోట్లాడ్డానికి లోపల ఎవరూ లేరన్నమాట. ఎందుకు లేరో అది మీరు పట్టుకోవాలి."

నేను ఇరవై ఆరేళ్ళు పోలీసుశాఖలో చేశాను. లాకప్‌లో కూర్చుని తన కేసు తనే విప్పి చెప్పే నిందితురాలిని అంతవరకు చూడలేదు.

పదకొండూ ఐదుకు ఆస్పత్రిలో ఉన్నాను. మెడ కోసిన సర్జన్ పేరు ఒలీవో. ఇంకా ముప్ఫై ఏళ్ళు రాలేదు, కళ్ళకింద నలుపు. నన్ను చూడగానే "నేను చెప్పాల్సింది పోలీసులకు చెప్పేశాను" అని నడవాలో వేగంగా నడవబోయాడు. దారికి అడ్డం నిలబడ్డాను.

"ఒకటే ప్రశ్న. చీము వచ్చిందా?"

ఆయన ఆగిపోయాడు. "మీకెవరు చెప్పారు?"

"వచ్చిందా, రాలేదా?"

"రాలేదు. రెండు చోట్ల కోశాను. పలచగా ఎర్రటి నీరు తప్ప చుక్క చీము లేదు. అంత వాపులో! నాకే మతిపోయింది. రక్తం చూస్తే తెల్లకణాలు రెండువందలు. జ్వరంతో కాలిపోతున్న మనిషికి వేలల్లో ఉండాలి. ల్యాబ్ వాళ్ళు పొరబడ్డారేమోనని మళ్ళీ చేయించాను. నూటఎనభై. నోరంతా తెల్లటి పుళ్ళు. ఏ మందు వాడుతున్నాడని అడిగాను. అప్పటికే ఆయనకు స్పృహ లేదు. పంటి మందు అని భార్య అంది."

"ఇదంతా రదమేస్‌కి చెప్పారా?"

"నోటితో చెప్పడమేమిటి, కాగితమే ఇచ్చాను." రిజిస్టరు తెరిచి చూపించాడు. రక్తపరీక్ష నకలు అందినట్టు రదమేస్ ఉరేన్యా సంతకం. మే ముప్ఫై, ఉదయం తొమ్మిదీ నలభై.

ఇవాళ జూన్ ఏడు. ఎనిమిది రోజులు! ఒక ఆడమనిషిని కటకటాల్లో కూర్చోబెట్టి, ఆమెను బయటికి తెచ్చే కాగితాన్ని ఎనిమిది రోజులు సొరుగులో పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రదమేస్‌కి తుపాకీ పట్టుకోవడం నుంచి పంచనామా రాయడం దాకా నేర్పింది నేను. నన్ను గడువుకు ముందే రిటైర్ చేసి నా కుర్చీలో వాణ్ణి కూర్చోబెట్టినప్పుడు కూడా ఇంత కోపం రాలేదు.

"తెల్లకణాలు అలా ఎందుకు పడిపోతాయి డాక్టర్?"

"కొన్ని జబ్బుల్లో పడిపోతాయి. నెలరోజుల క్రితం బాగా ఉన్న మనిషికైతే, ఏదో మందు. ఇంట్లో చూడండి."

బ్రౌలియో ఇంట్లో ఆ రోజు తొమ్మిదోరోజు ప్రార్థన. వసారా నిండా తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు, అల్లం కాఫీ కప్పులు. పెరట్లో ఆడవాళ్ళు కందికాయల అన్నం పెద్ద డేగిసాలో కలియబెడుతున్నారు. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి. నేను ఎవరి తరఫున తిరుగుతున్నానో అప్పటికే ఊరంతా తెలిసిపోయింది.

బ్రౌలియో భార్య నూర్కా వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నల్లబట్టలు, వాచిన చీలమండలు, వంకర్లు తిరిగిన వేళ్ళు.

"మొగుణ్ణి చంపినదాని తరఫున నా గడప తొక్కడానికి సిగ్గులేదూ?"

"సిగ్గుపడే తీరిక నాకు లేదమ్మా. మీ ఆయన ఎందుకు పోయాడో తెలుసుకోవాలని నీకుందా లేదా?"

"తెలుసు! పంట్లో సూది పెట్టి చంపింది!"

"అయితే నా ప్రశ్నలకు భయం దేనికి? పంటినొప్పికి ఆయన ఏం వేసుకున్నాడు?"

"అది రాసిచ్చిన తెల్లమాత్రలే."

"అవి మూడు రోజులకు. పద్నాలుగో తేదీతో అయిపోయాయి. ఆస్పత్రిలో చేరింది ఇరవై ఏడో తేదీ సాయంత్రం. మధ్యలో పదమూడు రోజులు ఏం వేసుకున్నాడు?"

నూర్కా కళ్ళు ఒక్కసారి ఫ్రిజ్ పైకి వెళ్ళి వచ్చాయి. నాకు అది చాలు. ఆమెను తప్పించుకుని లోపలికి వెళ్ళి, ఫ్రిజ్ మీదున్న గాజుగ్లాసు దింపాను. నిండా మాత్రల అట్టముక్కలు, అన్నీ ఖాళీవి.

మా ఊళ్ళో మాత్రల అట్ట మొత్తంగా కొనేవాళ్ళు అరుదు. వీధి చివరి కొట్టువాడు కత్తెరతో ఒక్కొక్క మాత్రా కత్తిరించి ఇస్తాడు. చదరపు ముక్క మీద మందు పేరు ఉండదు, నాలుగు అక్షరాలుంటే ఎక్కువ. మళ్ళీ అదే మందు కావాలంటే ఖాళీ ముక్క చూపిస్తే సరి. అందుకే ఏ ఇంట్లోనూ వాటిని పారేయరు. అట్ట మొత్తం దొరికినా సరే, ఇంటికి తెచ్చి ముక్కలు చేసి గ్లాసులో వేసుకోవడం అందరికీ అలవాటే.

గ్లాసు బల్ల మీద బోర్లించాను. తెల్లమాత్రల ముక్కలు ఆరు. కడుపుమంటవి రెండు. మిగతావన్నీ ఒకే రకం, లోపల పసుపురంగు పొడి అంటుకుని ఉంది. లెక్కపెట్టాను. పదమూడు.

కళ్ళజోడు పెట్టుకుని, వెనక అచ్చు పైకి వచ్చేలా తిప్పి, కత్తెర గాట్లను బట్టి ఒక ముక్క పక్కన ఇంకొకటి చేర్చాను. ఒకచోట కత్తెర వంకరగా పోయింది, దాని జోడీ వెంటనే దొరికింది. పావుగంట పట్టింది. పది ముక్కలు కలిసి ఒక అట్ట అయింది. మందు పేరు కింద ఎర్రటి గీత, దాని కింద ఒక వాక్యం ఈ కొసనుంచి ఆ కొసకు పరుచుకుని ఉంది: వారానికి ఒక్కసారి మాత్రమే.

"ఇది ఎవరి మందు?"

నూర్కా బల్ల అంచు పట్టుకుంది. "నాది. మోకాళ్ళకి. చికున్‌గున్యా వచ్చిపోయాక కీళ్ళు పట్టేశాయి, మూడేళ్ళు మంచం దిగలేదు. ఇవి వేసుకున్నాకే నడుస్తున్నాను. సోమవారం సోమవారం ఒకటి."

"సోమవారమే ఎందుకు?"

"ఎందుకేమిటి? మందు చాలక! సర్కారు ఆస్పత్రిలో నెలకి నాలుగే ఇస్తారు. మాలాంటివాళ్ళకి అన్నీ గీచి గీచే కదా ఇచ్చేది!"

"రోజూ వేసుకోకూడదని డాక్టరు చెప్పలేదూ?"

"ఏదో చెప్పింది. నా వెనక వరసలో నలభైమంది ఉన్నారు. ఆవిడ మాట పూర్తయ్యేలోపల తరవాతి పేరు పిలిచారు. నేను లేచి వచ్చేశాను."

"మరి బ్రౌలియో?"

"తెల్లమాత్రలు అయిపోయాయి, సలుపు తగ్గలేదు. 'నీ మోకాళ్ళనే తగ్గించింది, నా పన్నెంత! ఆ డాక్టరమ్మ ఓపిక పట్టమంటుంది, తనకేం' అన్నాడు. నా మందు ముక్క చూపించి, రాజధానికి వెళ్ళే బస్సు డ్రైవరు చేత రెండు అట్టలు తెప్పించాడు. నాకు నెలకి నాలుగిచ్చి మోసం చేస్తున్నారట. నొప్పి ఉన్నవాడు రోజూ వేసుకోవాలట."

"రోజూ ఆయనే తీసుకునేవాడా?"

"లేదు. నేనే చేతిలో పెట్టేదాన్ని. మధ్యాహ్నం అన్నం తిన్నాక, నీళ్ళతో."

అని, నా మొహం చూసింది. నేను చెప్పాలా వద్దా అని ఆలోచించలేదు. ఇంకో మనిషి జైలుకు పోతోంటే మెత్తగా చెప్పడానికి నాకు వ్యవధి లేదు. ఆ మందు ఒంట్లో ఏం చేస్తుందో పోలీసుశాఖలో ఉండగా ఒక విషం కేసులో విన్నాను.

"నూర్కా, నీ ఒంట్లో కాపలావాళ్ళకు పిచ్చెత్తి నీ కీళ్ళనే కొరుకుతున్నారు. వాళ్ళను వారానికోసారి కాస్త అణచడానికి నీకు ఈ మందు. బ్రౌలియో కాపలావాళ్ళు పంటి వేరు దగ్గర క్రిముల్ని పట్టి ఉంచారు. పదమూడు రోజులు వరసగా ఈ మందు పడేసరికి వాళ్ళు చచ్చారు. ఎవరూ అడ్డులేక క్రిములు గొంతులోకి దిగాయి."

నూర్కా నేలమీద కూలబడి, వంకర వేళ్ళతో తన నోరు తనే మూసుకుంది. నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. పేరు పిలిచి తరిమేసిన వరస మీదా, వాక్యాన్ని పది ముక్కలు చేసిన కత్తెర మీదా, ఓపిక లేని ఆ చచ్చినవాడి మీదా అందరి మీదా వచ్చింది.

పన్నెండూ యాభైకి బయట జీపు ఆగింది.

"డోన్యా ఎనెయ్‌దా!" రదమేస్ గొంతు వసారాలోంచే వినిపించింది. "పెన్షన్ చాలడంలేదా ఏమిటి, చావింటి కాఫీలకు తిరుగుతున్నారు?"

రదమేస్ బ్రౌలియోకి కొంపాద్రె. బ్రౌలియో పెద్దకొడుక్కి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు. ముప్ఫై ఏళ్ళు ఇద్దరూ ఒకే డొమినో బల్ల దగ్గర కూర్చున్నారు. వంటింట్లోకి వచ్చి, నేలమీదున్న నూర్కాను చూసి మొహం ఎర్రగా చేసుకున్నాడు. "ఆవిడనేం చేశారు?"

"నేను కాదు, నువ్వు చేశావు. రక్తపరీక్ష కాగితం ఎక్కడుందిరా?"

"ఏ కాగితం?"

"మే ముప్ఫై, తొమ్మిదీ నలభైకి సంతకం పెట్టి తీసుకున్న కాగితం. ఏప్రిల్ ఎక్స్‌రే ఎక్కడుంది? కేసు రాయడం నీకు నేర్పింది నేను. కాగితాలు దాచడం ఎవరు నేర్పారు?"

"దాచలేదు. నాకు అక్కర్లేదు, పక్కన పెట్టాను. ఆ అంకెలు నాకు అర్థం కావు. నా కొంపాద్రె పంట్లో విరిగిన సూది ఉంది. అది అర్థమవుతుంది."

"అర్థం కానప్పుడు అడగాలి!"

"ఎవర్ని? ఆ హంతకురాలినా?" గుడ్లురిమాడు. "మీరు వాణ్ణి చివర్లో చూశారా? నేను చూశాను. మెడ తలకంటే లావు. ఊపిరి అందక మంచం కమ్మీలు పట్టుకుని లాగాడు. శవపేటిక నేను మోశాను. తొమ్మిది రోజులుగా నాకు నిద్రలేదు. రెండింటికి ఆమెను లోపలికి పంపి ఇంటికెళ్ళి పడుకుంటాను. మీరు అడ్డొస్తే మీమీదా కేసు రాస్తాను."

"రాయి. ముందు ఇది చదివి తరవాత రాయి." కలిపిన అట్టను చూపించాను. "ఇవి పదమూడు మింగాడు. రోజుకొకటి."

వాడు వంగి చదివాడు. చదువుతున్నంతసేపూ దవడ బిగిసే ఉంది. "నా బ్రౌలియో ఇంకొకళ్ళ మందు మింగేటంత వెర్రివాడు కాదు!" అని చేత్తో బల్లమీదవన్నీ ఊడ్చేశాడు. ముక్కలు గదంతా చెదిరిపోయాయి.

నూర్కా నేలమీద పాకుతూ వాటిని ఒక్కొక్కటే ఏరింది. "మింగాడు కొంపాద్రె. నా చేత్తో ఇచ్చాను."

రదమేస్ గోడకు ఆనుకున్నాడు. నాకు అప్పుడు ఒక లెక్క తట్టింది.

"నూర్కా, రెండు అట్టలంటే ఇరవై. ఇక్కడ పదమూడు ఉన్నాయి. మిగతా ఏడు ఏవి? నువ్వు వాడావా?"

"లేదు, నావి నాకు వేరే ఉన్నాయి, వాటి ముక్కలూ వేరే డబ్బాలోనే వేస్తాను." ఆమె తలెత్తింది. నా వైపు కాదు, రదమేస్ వైపు. "కొంపాద్రె... మీరు శ్మశానంనుంచి వచ్చి, పెట్టె మోసి నడుం పట్టేసిందన్నారు. ఆయనవి మిగిలాయి, నొప్పికి మంచివి, రోజుకొకటి వేసుకోండని నేనే..."

రదమేస్ చెయ్యి మెల్లిగా చొక్కాజేబులోకి వెళ్ళింది. మడిచిన కాగితం తీశాడు. అందులో ఒక చదరపు ముక్క, ఖాళీది.

"కొట్లో చూపించి ఇంకా తెప్పిద్దామని ఉంచాను," అన్నాడు. "ఒకటో తారీకున మొదలుపెట్టాను. ఆఖరిది ఇవాళ పొద్దున వేసుకున్నాను."

అప్పుడు చూశాను, చొక్కా వీపంతా తడిసి ఉంది. దగ్గరికెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టాను. కాలిపోతోంది. "నోరు తెరువు" అన్నాను. తెరిచాడు. కింది పెదవి లోపల తెల్లటి పుళ్ళు, చిగుళ్ళ వెంట ఎర్రగా నెత్తురు చార.

"రెండు రోజులుగా అన్నం మింగుడు పడటంలేదు. దిగులేమో అనుకున్నాను."

"పద ఆస్పత్రికి."

"టైమెంత?"

"ఒకటీ ఇరవై."

"ఆస్పత్రి ఈ చివర, కోర్టు ఆ చివర. ఫోన్లో చెబితే జడ్జి వినడు. అరెస్టు చేసింది నేను. నేను నిలబడి చెప్పి, కాగితాలు చేతికిస్తేనే కేసు పోతుంది. లేకపోతే ఆమెను రెండింటికి బండెక్కిస్తారు."

"చస్తావురా."

"చస్తే మీకు సంతోషమేగా."

"నువ్వు చస్తే ఆమె మూడు నెలలు లోపలుంటుంది. నాకు సంతోషం ఎక్కణ్ణించి వస్తుందిరా, వెధవా!"

వాడి జీపు నేనే నడిపాను. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో ఫోన్. ఒలీవోకి మందు పేరు చెప్పి, కోర్టు దగ్గరికి అంబులెన్స్ పంపమన్నాను. ఉన్న ఒక్క బండీ పక్క ఊరికి పోయింది, తిరిగి రాగానే పంపుతానన్నాడు. ఫైలు సీటు కిందే ఉంది. సిగ్నల్ దగ్గర ఏప్రిల్ ఎక్స్‌రే తీసి అద్దానికి ఎత్తి చూశాను. వేరు చివర సన్నటి వెండిగీత. దాని చుట్టూ నలుపు చిన్నదై, అంచులు తెల్లబడ్డాయి. యోకాస్తా చెప్పినట్టే ఉంది.

"నేనూ చూశాను," అన్నాడు రదమేస్, తల సీటుకు ఆనించి. "నవంబర్ది పక్కన పెట్టుకుని చూశాను. తగ్గిందని తెలిసింది. అర్థం కాలేదని మీకు చెప్పింది అబద్ధం. ఎవరో ఒకరు చేసిన తప్పు వల్ల పోయాడంటేనే నాకు ఊపిరి ఆడింది."

నేను యాక్సిలరేటర్ తొక్కాను. నోరు తెరిస్తే తిట్టేదాన్ని, తిడితే బండి ఎక్కడో గుద్దేదాన్ని.

రెండూ నాలుగుకు కోర్టు హాల్లో అడుగుపెట్టాం. యోకాస్తా బోనులో నిలబడి ఉంది, చేతులకు సంకెళ్ళు. వెనక బెంచీల్లో ఆమె తల్లి. ప్రాసిక్యూటర్ సూది ముక్క గురించి చదవడం అప్పుడే ముగించాడు.

"ఇన్‌స్పెక్టర్ ఉరేన్యా," అన్నాడు జడ్జి, "ఆలస్యంగా వచ్చారు. మీరు చెప్పేదేమైనా ఉందా?"

"ఉందండి." రదమేస్ ముందున్న కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. పళ్ళ సందుల్లోంచి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. ముందువరసలో ఎవరో కెవ్వుమన్నారు. "ఈ కేసులో... ఈ డాక్టరు..."

మాట అక్కడ ఆగిపోయింది. కాళ్ళు మడతపడ్డాయి. ఫైలు చేతిలోంచి జారింది. ఎక్స్‌రేలు నేలమీద జారుకుంటూ బెంచీల కిందికి పోయాయి.

నేను అరిచాను. అట్ట గురించి, మాత్రల గురించి, ఎక్స్‌రే గురించి గొంతు చించుకుని చెప్పాను. జడ్జి సుత్తితో బల్ల బాదాడు. "కూర్చోండి! మీరు ఈ కేసులో ఎవరూ కారు. ఇన్‌స్పెక్టర్ కోలుకున్నాక ఆయన నోటితోనే వింటాను. అప్పటిదాకా నిందితురాలు జైల్లో ఉంటుంది. తీసుకెళ్ళండి."

ఇద్దరు కానిస్టేబుళ్ళు యోకాస్తా రెక్కలు పట్టుకున్నారు. ఆమె కదల్లేదు. ఆమె చూపు రదమేస్ నోటి మీద ఉంది.

"వెల్లకిలా ఉంచకండి, నెత్తురు ఊపిరితిత్తుల్లోకి పోతుంది! పక్కకు తిప్పండి!" అని కేక వేసి, నా వైపు తిరిగింది. "ఎన్ని రోజులు వేసుకున్నాడు?"

ఆ పుళ్ళు, ఆ నెత్తురు చూడగానే అవే మాత్రలు ఇతనూ మింగాడని ఆమెకు తెలిసిపోయింది. ఎనిమిది రోజులు తనను లాకప్‌లో పెట్టినవాడి నోరు అది.

"ఏడు," అన్నాను. "అంబులెన్స్ బయల్దేరింది."

"దానికి విరుగుడు ఉంది, ఆలస్యమైతే పనిచేయదు. అది వచ్చేదాకా ఊపిరి ఆగకుండా చూడాలి. ఈ గదిలో అది చేతనైనదాన్ని నేనొక్కదాన్నే. నా చేతులు విప్పండి."

కానిస్టేబుళ్ళు జడ్జి మొహం చూశారు. జడ్జి తల అడ్డంగా ఊపాడు. ఆమె సంకెళ్ళ తాళంచెవి రదమేస్ బెల్టుకే వేలాడుతోంది. నేను మోకాళ్ళ మీద వంగి దాన్ని ఊడదీశాను.